పిట్టల వీపు చూసినవాళ్ళం

మా అక్క సత్తెవ్వ కళ్ళకు నీటికాసులు ముదిరాయని సిద్దిపేటలో కంటి డాక్టరు చెప్పిన రోజు ఆమె ఏడవలేదు. పక్కన కూర్చున్న నేనే కొంగు అడ్డం పెట్టుకున్నాను. డాక్టరు చిన్నపిల్ల, మా ఇంటి పిల్లల ఈడుది, ఓపికగా చెప్పింది. పోయిన చూపు మళ్ళీ రాదు, పక్కచూపు ఇప్పటికే పోయింది, మిగిలింది కూడా మసకే, చుక్కలు వేసుకుంటే అది కొన్నాళ్ళు నిలుస్తుంది, ఎన్నాళ్ళని మాత్రం అడగొద్దు అంది. అక్క తల ఊపుతూ అంతా విని, కాలితో తడుముతూ చెప్పులు వెతుక్కుని, గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. "బిడ్డా, ఒక కొంగను సూసేటంత సూపు ఉన్నదా నాకు?" అని అడిగింది. డాక్టరుకు అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కాలేదు. "దగ్గరుంటే కనిపిస్తుంది అవ్వా, దూరమైతే కష్టం" అని నవ్వి ఆ పిల్ల ఇంకొకరిని లోపలికి పిలిచింది.

ఆటోలో నేను ఊరుకోలేదు. నాకు ముక్కు మీద కోపం. భయం వేసినా, దుఃఖం వచ్చినా ముందు కోపమే బయటికి వస్తుంది. ఇన్నేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనా ఆ బుద్ధి మారలేదు. "కండ్లు పోతున్నయంటే గీ కొంగల ముచ్చటేందక్కా?" అని గసిరాను. అక్క నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆమె గజ్వేల్‌లో కూతురి దగ్గర ఉంటుంది, కళ్ళ కోసమని మా ఇంటికి వచ్చి ఉంది. నా కోపానికి భయపడని మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే.

"మన ఊరి చెరువును పిట్టలకు ఇడిసిపెట్టిన్రట గద" అంది. "బోర్డు వెట్టిన్రట, కావలోన్ని వెట్టిన్రట. ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు గట్టినయట. సూపు ఉన్నప్పుడే ఒక్కపారి తోల్కపోవే. కూసున్న కొంగను సూడాలె నేను."

"పుట్టినకాడికెల్లి కొంగల నడుమనే పెరిగితివి. నువ్వు చూడని కొంగ ఉన్నదా?"

"ఏడ సూసిన చెల్లె? మనం పిట్టల వీపులు సూసినోళ్ళం. కనవడంగనే ఎల్లగొడితిమి. ఎగిరి పోయేటియే సూసినం గని, నిమ్మళంగ కూసున్న పిట్టను ఎన్నడన్న సూసినమా?"

అప్పటికి ఏదో ఒకటి అని మాట దాటేశాను. మర్నాడు పొద్దున పొయ్యి మీద చాయ మరుగుతుంటే, ఆ ఆవిరిలోంచి ఎక్కడిదో తడి మట్టి వాసన వచ్చినట్టయింది. వాసనలకు నా మీద ఇంత అధికారం ఎందుకో తెలియదు. చాయ పొంగి పొయ్యి ఆరిపోయిందాకా అక్కడే నిలబడ్డాను. అక్క అన్నదాంట్లో అబద్ధం ఒక్క మాట కూడా లేదు.

మా ఊరు కొండపాక నుంచి ఇంకా లోపలికి పోవాలి. ఊరి చెరువు ఇప్పుడంటే కాలువ నీళ్ళతో ఏడాది పొడుగునా నిండి ఉంటుంది గానీ, మా చిన్నతనంలో దసరాకు నిండితే అదే గొప్ప. చలి మొదలయ్యేసరికి నీళ్ళు రోజుకింత వెనక్కి జరిగేవి. అట్లా నీళ్ళు వదిలిన నల్లటి నేలను శికం అంటాం. మా బాపు ఆ జరిగే నీళ్ళ వెంబడే నాగలి కట్టుకుని పోతూ, తడి ఆరకముందే తెల్లజొన్న వేసేవాడు. దానికి వాన అక్కర్లేదు, నీటి పారకం అక్కర్లేదు. నేల అడుగున దాగిన తడే దాన్ని పెంచేది. మనిషి ఎత్తు దాటి, అరచేతంత కంకి వేసి, పాలు పోసుకుని, ముదిరేదాకా ఆ చేను మాకు ప్రాణం. ఆ జొన్నలే మాకు సగం ఏడాది తిండి. అవి పోతే బాపు ఇంకొకరి గడప ఎక్కాలి, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ జొన్న గటక పలచన చెయ్యాలి. ఆ చేనుకు దొంగలు గట్టు దాటి వచ్చేవారు కాదు, ఆకాశంలోంచి వచ్చేవారు.

కంకి పాలు పోసుకుంటున్నదని తెలియగానే మా ఇంటి నడకే మారేది. బాపు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని జనుము పేని వడిసెల అల్లేవాడు. పేనేటప్పుడు తాడు ఒక కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని, రెండో కొసను తొడ మీద దొర్లించేవాడు. ఆ దొర్లించే చప్పుడుకు నాకు నిద్ర ముంచుకొచ్చేది. వడిసెలలో రాయి పెట్టనిచ్చేవాడు కాదు. రాయి చేన్లో పడితే కోతనాడు కొడవలి అంచు పోతుందని, ఎద్దు డెక్కలో ఇరుకుతుందని ఆయన బాధ. అందుకని చెరువు బంకమట్టి తెచ్చి మేమిద్దరం ఉండలు చేసేవాళ్ళం. లడ్డూలు చుట్టినట్టు చుట్టి, పొయ్యి చుట్టూ పేర్చేవాళ్ళం. ఆ వేడికి మట్టి ఆరుతూ ఒక వాసన వేసేది. నాచు, నత్తగుల్లలు, పాత వానలు అన్నీ కలిసిన వాసన. అవ్వ ఒక పక్క రొట్టె తడుతుండేది, ఇంకో పక్క చెరువు ఆరుతుండేది. మా రొట్టెలకు కూడా ఆ వాసన పట్టేదని అవ్వ తిట్టేది గానీ, ఒక్కనాడూ ఉండలను పొయ్యి దగ్గర్నుంచి తియ్యమనలేదు.

చీకట్లోనే లేపేది అవ్వ. లేపడమంటే పిలవడం కాదు, తడి చేతులు మా చెంపలకు ఆనించడం. ముందు రాత్రి రొట్టెలో ఉల్లిగడ్డ, కారం పెట్టి, పాత చీర గుడ్డలో మూట కట్టి అక్క నడుముకు బిగించేది. నన్ను అక్క వీపు మీదికి ఎక్కించేది. ఊరు దాటి కట్ట ఎక్కి అవతలికి దిగేదాకా నేను నిద్రలోనే ఉండేదాన్ని. కాబట్టి ఆ తోవ నాకు కళ్ళతో తెలియదు. అక్క వీపు ఎగుడు దిగుళ్ళతో తెలుసు. ఒకచోట ఆమె వంగేది, అది తూము. ఒకచోట ఊపిరి ఎక్కువ తీసేది, అది కట్ట ఎక్కడం. ఒకచోట కాళ్ళు కింది నుంచి చల్లబడేవి, అది మా శికం. మంచె మీదికి ఎత్తి పడుకోబెట్టి, గొంగడి కప్పి, తను కంకుల మీదికి చూపు వేసి నిలబడేది.

ఆ మంచె ఇప్పటికీ నా కలల్లో ఊగుతుంది. నాలుగు తుమ్మ గుంజలు, వాటి మీద అడ్డకట్టెలు, పైన జొన్న చొప్ప పరుపు. గాలి వీస్తే కింద చేను ఒక పక్కకు ఒరిగేది, మంచె ఇంకో పక్కకు పోతున్నట్టు ఉండేది. మంచు ఇంకా విడవలేదు, చెరువు ఏదో, ఆకాశం ఏదో తెలియదు, తెల్లటి దాంట్లో కంకుల తలలు మాత్రం తేలుతుండేవి. నేను సగం కళ్ళు తెరిచి పడుకుని, మేమిద్దరం ఎక్కడికో పోతున్నాం అనుకునేదాన్ని. ఎక్కడికని అడిగితే అక్క "బొంబాయి" అనేది. ఆమె ఎరిగిన దూరపు ఊరు అదొక్కటే, మా ఊరోళ్ళు కూలికి పోయే ఊరు. సరే బొంబాయి అని నేను మళ్ళీ కళ్ళు మూసేదాన్ని. కాసేపటికి ఎక్కడో దూరాన రామచిలుకల కీచుమనే అరుపు. అంతే, నా తల కింద ఉన్న ఆమె తొడ బిగుసుకునేది. ఆమె లేచేది. "ఓహో... హోయ్... హోయ్!" అని పొట్ట లోతుల్లోంచి ఒక కేక వేసేది. ఆ కేకకు మంచు చీలినట్టుండేది. చిలుకలు, గువ్వలు, పిచ్చుకలు, గోరింకలు, వాటితోపాటు చెరువు అంచున నిలబడ్డ కొంగలు, నీటికాకులు, బాతులు అన్నీ ఒక్కసారి లేచేవి. రెక్కల చప్పుడు మా మీది నుంచి పోయేది. నిద్ర కళ్ళతో నేను చూసేవి వాటి తోకలు, వాటి వీపులు.

కొంగ జొన్నను ముట్టదని బాపు చెప్పేవాడు. "గది శాపలు తినేది, దాని జోలికెందుకు పోతరు?" అనేవాడు. మాకు ఆ తేడా ఎక్కడిది? రెక్క ఉన్నదల్లా దొంగే. పైగా అక్క కళ్ళు మామూలువి కావు. చేను ఆ కొసన కంకి మీద ఒక చిలుక వాలితే, ఆకుపచ్చలో ఆకుపచ్చను, ఇక్కడి నుంచి పట్టేది. వడిసెల తిప్పి విడిస్తే ఉండ ఆ కంకి పక్కనే రాలేది. కంకికి తగలొద్దు, చిలుక ఉండొద్దు, అదీ ఆమె పద్ధతి. శికం పొడుగునా ఎన్నో మంచెలుండేవి గానీ, కోతలప్పుడు మా చేను నిండుగా ఉందని అందరూ అనేవారు. మా ఇంటి జొన్నలను కాపాడినవి ఆ కళ్ళే. ఈ మాట ఆమె బతుకులో ఎవరూ ఆమెతో అనలేదు. నేను కూడా అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను, ఆమె చదువుకోలేదు, ఎవరైనా చదివి వినిపించాలి.

తర్వాత నన్ను బడిలో వేశారు. అక్కను వెయ్యలేదు. ఇద్దరూ పోతే చేను ఎవరు కాస్తారు? దాని మీద ఇంట్లో ఎవరూ పెద్దగా ఆలోచించింది లేదు, వాదించింది లేదు, అట్లా అయిపోయింది. పొద్దున నేను పలక పట్టుకుని కట్ట మీది నుంచి పోతుంటే, దిగువన మంచె మీది నుంచి ఆమె కేక వినిపించేది. నన్ను చూసి ఇంకా గట్టిగా వేసేది. ఆ కేకకు నేను చెయ్యి ఊపేదాన్ని. బడిలో కూర్చున్నాక కూడా గాలి ఇటు తిరిగితే ఆ గొంతు లీలగా వచ్చేది. నాకు అక్షరాలు వచ్చాయి, ఉద్యోగం వచ్చింది, సిద్దిపేటలో ఇల్లు వచ్చింది. మంచె మీద నిలబడ్డ మనిషికి ఏం వచ్చింది? అందుకే, ఆమె కొంగను చూడాలంటే నేను కాదనగలనా?

చలి పోయి ఎండ ఇంకా ముదరని రోజుల్లో ఒకనాడు పోయాం. కొండపాక దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. పక్కింటి వాళ్ళ దుర్భిణి అడిగి తెచ్చి మెడలో వేసుకున్నాను. అది వేసుకున్నందుకు అక్క నన్ను తోవ పొడుగునా ఎగతాళి చేసింది. "దొరసాని లెక్కున్నవే" అంది. కనిపించి కాదు, చెయ్యి పెట్టి తడిమి చూసి.

కట్ట వెడల్పు చేశారు. మొదట్లో పెద్ద బోర్డు, దాని మీద రంగుల్లో పక్షుల బొమ్మలు, కింద ఏం చెయ్యకూడదో వరుసగా రాసి ఉంది. చప్పుడు చెయ్యకూడదు అన్నది అందులో మొదటిది. ఖాకీ చొక్కా తొడుక్కున్న కావలివాడు ఎదురొచ్చాడు. పేరు నర్సిములు, మా ఊరివాడే, మా తర్వాత పుట్టినవాడు కాబట్టి మమ్మల్ని ఎరగడు. "నిమ్మళంగ పోయి గా తుమ్మ చెట్టు కింద కూసోన్రమ్మా. మాట్లాడకున్రి, గూళ్ళల్ల పిల్లలున్నయి" అని దారి చూపించాడు. అక్కడ అప్పటికే హైదరాబాదు నుంచి వచ్చిన కెమెరాల వాళ్ళు కొందరున్నారు. మోకాలు పొడుగు లెన్సులు, ఆకు రంగు టోపీలు. ఒక పిట్ట కనిపించగానే దాని ఇంగ్లీషు పేరు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుని, పెళ్ళిలో చదివింపులు రాసుకున్నట్టు ఫోన్లలో రాసుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది గానీ, తర్వాత అసూయ కూడా వేసింది. పిట్టను చూడటమే పనిగా పొద్దున్నే లేచి వచ్చారు వాళ్ళు. ఈ చెరువు దగ్గరికి మేము అట్లా ఎప్పుడైనా వచ్చామా?

నీళ్ళలో తుమ్మ చెట్లు నడుము లోతున నిలబడి ఉన్నాయి. ఒక్కో చెట్టు నిండా గూళ్ళు, గూళ్ళ నిండా కొంగలు. నేను దుర్భిణి సరిచేసి అక్క కళ్ళకు పెట్టాను. ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. అటు తిప్పాను, ఇటు తిప్పాను.

"అవుపడ్డయా?" అని చెవిలో అడిగాను.

"నీళ్ళు తళతళ మెరుస్తున్నయే. తెల్లగున్నది అంత. అందుల కొంగ ఏదో, నీళ్ళేవో తెలుస్తలేదు." ఇంకాసేపు చూసి, దుర్భిణి నా ఒళ్ళో పెట్టేసింది. "ఇంత దూరం తోల్కచ్చినవు, తిట్టకు" అంది. తెల్లటి కొంగలు, తెల్లగా మెరిసే నీళ్ళు. ఆమెకు మిగిలిన మసక చూపుకు ఆ రెండూ ఒకటే. ఇంత దగ్గరికి వచ్చి, కూర్చున్న కొంగలు ఎదురుగా ఉండి, ఆమెకు ఒక్కటీ దక్కలేదు. వచ్చే ఏడు కొంగలు వస్తాయి. అప్పటికి ఈ మసకైనా ఉంటుందా?

నేను ఇట్లా కుమిలిపోతుండగా వెనక ఊరి వైపు నుంచి రామచిలుకల గుంపు ఒకటి కీచుమంటూ వచ్చింది. అవి మా తల మీదికి రాకముందే నా పక్కన మనిషి లేదు. అక్క నిలబడి ఉంది. కాళ్ళు ఎడంగా పెట్టి, నోటికి ఒక పక్క చెయ్యి అడ్డం పెట్టి, "ఓహో... హోయ్... హోయ్!" అని కేక వేసింది. ఆ ఒంట్లో అంత గొంతు ఇంకా ఉందని నాకు తెలియదు. ఆమెకూ తెలియదు. చెరువు మొత్తం లేచింది. తుమ్మ చెట్లు ఒక్కసారి ఖాళీ అయ్యాయి. కొంగలు, నీటికాకులు, బొల్లికోళ్ళు, బాతులు, రెక్కల చప్పుడుతో నీళ్ళు కూడా కదిలిపోయాయి. కెమెరాల వాళ్ళలో ఒకామె రెండు చేతులు నెత్తిన పెట్టుకుంది.

నేను మాత్రం అక్క ముఖమే చూస్తున్నాను. తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని ఆకాశం వంక చూస్తోంది.

"అవుపడ్డయే!" అంది. "చెల్లె, అవుపడ్డయి! మబ్బుల మీద నల్లగ... గింత గింత రెక్కలు... మెడలు సాపుకొని, కాళ్ళు ఎన్కకు ఏసుకొని... అగో, తిరుగుతున్నయి!" వెలుతురుకు అడ్డం వచ్చిన నల్లటి ఆకారాలు ఆమె కళ్ళకు అందాయి. ఆమె చెయ్యి గాలిలో వాటి వెంట తిరిగింది. ఎన్ని నెలలైందో ఆమె ఒకదాన్ని చూపుతో వెంబడించి. తర్వాత పకపకా నవ్వింది. "గిప్పుడు గూడ ఎల్లగొట్టే సూస్తి!"

నర్సిములు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏందమ్మా గది! గట్ల మొత్తుకుంటరా? సప్పుడు జెయ్యొద్దని జెప్తిని గద!"

"చిలుకలొచ్చినయి బిడ్డా" అంది అక్క.

"చిలుకలొస్తె ఏమాయె? గీడ జొన్నచేనున్నదా?" అని, నెత్తి మీది టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, కంగారులో ఉన్నాడు. "గూళ్ళల్ల ఈకలు రాని పిల్లలున్నయమ్మా. తల్లులు రెక్కలు సాపి నీడ పడతయి. తల్లి లేస్తే పిల్లకు ఎండ గొడ్తది. గద్ద గా సందు కోసమే సూస్తది."

అక్క నవ్వు ఆగిపోయింది. నిజంగానే ఒక గద్ద చెట్ల మీద సుడి తిరుగుతోంది. "వస్తయా బిడ్డా? తల్లులు మర్ల వస్తయా?" అని అతని చెయ్యి పట్టుకుంది. "పసి జీవులకు తగిలిందా ఏంది నా నోరు! చిన్నప్పుడు గీడ శేన్ల పిట్టలను ఎల్లగొట్టేదాన్ని బిడ్డా. గా అరుపు ఇంటె నా పాణం ఆగది." నర్సిములు గొంతు దించాడు. కదలకుండా కూర్చోమని, మనిషి సద్దు లేకపోతే అవే దిగుతాయని చెప్పి, గద్దను చూసుకోవడానికి కట్ట మీద అటువైపు పోయాడు. ఒకప్పుడు చేనును పిట్టల నుంచి కాసేవారు. ఇప్పుడు ఈయన పిట్టలను మా నుంచి కాస్తున్నాడు. జీతం కూడా ఇస్తున్నారు. మా అక్కకు రొట్టె, ఉల్లిగడ్డ ఇచ్చేవారు.

కూర్చున్నాం. అక్క కొంగు ముద్ద చేసి నోటికి అడ్డం పెట్టుకుంది, మళ్ళీ చిలుకలు వస్తే తన నోటి మీద తనకే నమ్మకం లేదు. ఎండ పాకుతోంది. చాలాసేపు ఆకాశంలో తిరిగి తిరిగి, ముందు ఒకటి దిగింది. తర్వాత రెండో చెట్టు మీదికి ఇంకొకటి. తర్వాత వానలాగా అన్నీ. నేను ఆమె చెవిలో చెబుతూ పోయాను. వచ్చింది అక్కా, ఒకటి వచ్చింది, గూటి అంచు మీద నిలబడ్డది, ముక్కు పసుపు పచ్చగా ఉంది, చివర కొంచెం వంగింది, మొకం మీద ఈకలు లేవు, మన అవ్వ పండుగనాడు పసుపు రాసుకున్నట్టున్నది. తోక దగ్గర గులాబీ రంగు. అక్కా, గిది రెక్కలు రెండూ విప్పి పిల్లల మీద గొడుగు పట్టింది. గద్దకు ఏం దొరకలేదు. నేను కూడా ఆ రోజే మొదటిసారి చూస్తున్నాను. చెబుతున్నకొద్దీ కనిపిస్తోంది. చూపు ఉండి కూడా ఇన్నేళ్ళు నేను చూసింది పుస్తకాలనే.

అట్లా దుర్భిణి తిప్పుతుంటే తుమ్మల నడుమ నీళ్ళలోంచి ఒక రాతిగుండు వీపు తేలి కనిపించింది. దాని నిండా రెట్టల తెలుపు, మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి.

"అక్కా, గాడ ఒక గుండు ఉన్నది నీళ్ళల్ల."

ఆమె కొంగు తీసింది. "తూము ఏ దిక్కున్నది మనకు?"

"ఎడమ చేతికి."

"గుండు మీద నడుమ పగులు ఉన్నదా, మనిషి కూసునేటట్టు?"

ఉంది. చెప్పాను. ఆమె చేతులతో గాలిలో ఏదో కొలుచుకుంది, ఇటు తూము, అటు గుండు. "గది మన గుండే చెల్లె. బాపు అంబలి తాగేటోడు దాని మీద కూసోని. గా తుమ్మలున్న జాగ... గదంత మన శేను."

మా మంచె ఊగిన చోట ఇప్పుడు కొంగల గూళ్ళు ఊగుతున్నాయి. మా జొన్న వేళ్ళు తాగిన తడి ఇప్పుడు నిలువెత్తు నీళ్ళయి పైకి వచ్చింది. శికం పోయింది, జొన్న పోయింది. ఊళ్ళో వరి తప్ప ఇంకేమీ వెయ్యడం లేదు. జొన్న వేస్తే కాసేవాళ్ళు లేరంటారు, పిల్లలంతా బడికి పోతున్నారు. ఆ మాటకు నాకు సంతోషమే. ఏ ఆడపిల్లా ఇప్పుడు చలిలో కట్ట ఎక్కడం లేదు. కానీ ఆ నీళ్ళను చూస్తుంటే, అడుగున ఎక్కడో మా బంకమట్టి ఉండలు చెరువులో కలిసిపోయి ఉంటాయని, మా అక్క పిల్లతనం కూడా అక్కడే కరిగి ఉందని అనిపించింది. పాతవాటి కోసం ఏడ్చే మనిషిని కాను. ఆ పూట ఏడ్చాను, చప్పుడు కాకుండా.

కెమెరాల వాళ్ళు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు. నర్సిములు కట్ట ఆ కొసన చిన్నగా కనిపిస్తున్నాడు. పిట్టలు అన్నీ కుదురుకున్నాయి. అక్క వాటి వైపే ముఖం పెట్టి కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. ఆ కళ్ళకు ఏమీ అందడం లేదని నాకు తెలుసు. ఇందాక ఆకాశం వంక తల ఎత్తి "అవుపడ్డయే" అన్న ఆ ముఖం నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఒక్కసారి లేస్తే చాలు, మళ్ళీ కనిపిస్తాయి. పిల్లలు కాసేపు ఎండలో ఉంటే ఏమవుతుంది? ఇందాక ఏమీ కాలేదు కదా. ఈ చూపు ఇంకో ఏడుకు ఉండదు. ఆమెకు నేను ఇవ్వగలిగింది ఇదొక్కటే అనిపించింది. తప్పని తెలిసే, చప్పట్లు కొట్టడానికి రెండు చేతులూ పైకెత్తాను.

నా గాజులు జారిన చప్పుడు విన్నదో, నా ఊపిరి మారిందో, అక్క నా వైపు తిరగకుండానే నా రెండు మణికట్లూ పట్టేసింది. వడిసెల తిప్పిన చేతులు అవి. పట్టు అట్లానే ఉంది.

"నా కోసమేనా?" అంది.

ఎత్తిన నా చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

"వద్దే" అంది. "ఎందుకు లేపుతవు? గాడ మన జొన్నలు లేవు గద. కూసోనియ్యి."

నేను చేతులు దించాను. ఆమె వదల్లేదు. నర్సిములు వచ్చి ఎండ ముదిరింది లేవండమ్మా అని పిలిచేదాకా నా చేతులు ఆమె ఒళ్ళోనే ఉన్నాయి.